అత్త పులుసూ నా పులుసూ ఒకటేనా?

పెళ్ళయి ఈ వాకాడుకు కాపురానికి వచ్చిన కొత్తలో నేను మొదటిసారి చేపల పులుసు చేసిననాడు మా అత్తగారు రెండు ముద్దలు తిని, కాసేపు ఆలోచించి, "బాగానే ఉండాది. అయితే నా పులుసు మాదిరి లేదు" అన్నారు. ఆ మాటను ఆవిడ ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు మార్చలేదు. కొర్రమీను తెచ్చినా, బొమ్మిడాయిలు తెచ్చినా, మామిడికాయ ముక్కలు వేసినా, వెయ్యకపోయినా తీర్పు మాత్రం అదే. "నాది మాదిరి లేదు."

కోడళ్ళుగా బతికినవాళ్ళకు ఈ మాటలోని బరువు నేను విడమరచి చెప్పక్కర్లేదు. తిడితే ఏడవచ్చు. మెచ్చుకుంటే పొంగిపోవచ్చు. ఇది రెండూ కాదాయె. దీనికేం చెయ్యాలి?

పైగా ఆవిడ వంటింట్లోకి వచ్చేవారు కూడా కాదు. వరండాలో నులకమంచం మీద కూర్చుని వక్కలు కత్తిరించుకుంటూనే లోపల ఏం జరుగుతోందో చెప్పేసేవారు. "మెంతులు మాడినయ్ మే!" "ఈ చింతపండు కొత్తది గదా, పులుపెక్కువ, చూసి పొయ్యి." "గరిటె పెట్టి కలపబాక, సట్టిని పట్టుకుని తిప్పు, ముక్కలు చిదిరిపోతయ్." ఎవరూ ఏమీ చెప్పకుండానే వాసనలనూ చప్పుళ్ళనూ కూడగట్టుకుని, పొయ్యి మీద ఉన్నదేమిటో, అందులో వచ్చిన లోపమేమిటో తేల్చడం ఆవిడకు పెట్టింది పేరు. ఏ మాటకామాట చెప్పుకోవాలి, నూటికి తొంభై సార్లు నిజమే అయ్యేది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఇలాంటి అత్తగారు కంప్యూటర్లోనూ ఒకరున్నారని నాకు 2020 లో తెలిసింది.

ఆ ఏడాది లాక్‌డౌన్ సడలించాక, బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేసే మా అమ్మాయి పెట్టెతో, ల్యాప్‌టాప్‌తో ఇంటికి వచ్చేసింది. వరండాకు ఒక కొసన అవ్వ నులకమంచం, రెండో కొసన మనవరాలి బల్ల. తుపిలిపాళెం వైపు నుంచి సాయంత్రాలు సముద్రపుగాలి వచ్చి ఇద్దరినీ తాకి పోయేది. ఒక రోజు నేను కాఫీ పట్టుకెళ్ళేసరికి పిల్ల తెరవంక గుర్రుగా చూస్తోంది. తెర మీద ఒక మాట కింద ఎర్రగీత, బళ్ళో మాష్టారు కాపీ పుస్తకంలో గీసినట్టు.

"ఏందమ్మా అది?"

"రెండు డబ్బాలు ఒకటేనా అని అడిగానమ్మా. చెప్పనంటోంది."

"ఎవరు?"

"కంపైలర్."

నాకు డబ్బాలు తెలుసు గాని కంపైలర్ తెలియదు. కాఫీ చల్లారిపోయేదాకా చెప్పింది. మనిషి రాసే భాష యంత్రానికి అర్థం కాదు. దాన్ని యంత్రం భాషలోకి మార్చిపెట్టే ప్రోగ్రామే కంపైలర్. మార్చేముందు తప్పులు చూస్తుంది, వడ్డనకు ముందు అత్తగారు రుచి చూసినట్టు. అది చూసే తప్పుల్లో ముఖ్యమైనది జాతి తప్పు. ఇది అంకె, ఇది అక్షరాల మాట, ఇది జాబితా అని ప్రతిదానికీ ఒక జాతి ఉంటుంది. దాన్నే టైప్ అంటారట. అంకె అడిగినచోట మాట పెడితే ఒప్పుకోదు.

"మరి ప్రతిదానికీ నువ్వు జాతి రాసి పెట్టాలా?"

"కొన్ని భాషల్లో రాయాలి. నేను వాడే ఎఫ్ షార్ప్‌లో చాలాచోట్ల రాయక్కర్లేదు. ఒకచోట దాన్ని 1 తో కూడాననుకో, ఓహో ఇది అంకె అని అదే పట్టేస్తుంది. టైప్ ఇన్ఫరెన్స్ అంటారు."

"అవ్వ మెంతుల వాసన పట్టినట్టు!" అన్నాను.

పిల్ల పకపకా నవ్వింది. మంచం మీంచి "నా ఊసెందుకు?" అని వినిపించింది.

ఇలా ఊహించి తేల్చే పద్ధతిని బ్రిటన్‌లో రోజర్ హిండ్లీ అనే తర్కశాస్త్రవేత్త 1969 లో ఒకసారీ, ఎడింబరోలో పనిచేసిన రాబిన్ మిల్నర్ ఆ సంగతి తెలియకుండా 1978 లో మరోసారీ కనిపెట్టారట. మిల్నర్ బృందం చేసిన ఎం.ఎల్. అనే భాషకు మనవరాలి వరసలోదే ఈ ఎఫ్ షార్ప్. మైక్రోసాఫ్ట్ వారి కేంబ్రిడ్జి పరిశోధనశాలలో డాన్ సైమ్ అనే ఆయన తయారుచేస్తే, 2005 లో మొదటి విడత బయటికి వచ్చింది.

ఇక ఎర్రగీత సంగతి. "ఇదీ అదీ ఒకటేనా?" అని అడిగే చిన్న ముక్క రాశామనుకోండి. అవి ఏ జాతివో మనం చెప్పలేదు. అప్పుడు కంపైలర్, ఏ జాతివైనా సరే, పోల్చదగ్గవై ఉండాలి అని తనంతట తనే ఒక షరతు రాసి పెట్టుకుంటుంది. ఎవరైనా పోల్చకూడని వస్తువు తెచ్చి అక్కడ పెట్టబోతే చెయ్యి అడ్డు పెడుతుంది.

ఏది పోల్చదగ్గదో ఎలా తెలుస్తుంది? దానికి పోపులపెట్టె ఉదాహరణ నేనే చెప్పాను, మా అమ్మాయి ఒప్పుకుంది. పోపులపెట్టెలో ఏడు గిన్నెలుంటాయి. ఏడు గిన్నెల్లోనూ పోల్చదగ్గ దినుసులే ఉంటే పెట్టె మొత్తం పోల్చదగ్గదే. ఆవాలు ఆవాలతో, జీలకర్ర జీలకర్రతో సరిచూస్తే సరి. ఒక్క గిన్నెలో పోల్చడానికి వీల్లేనిదుంటే పెట్టె మొత్తానికీ ఆ దోషం అంటుతుంది. మా అమ్మాయి డబ్బాలో అలాంటి గిన్నె ఒకటుంది. అందులో పదార్థం లేదు, పదార్థం తయారుచేసే పద్ధతి ఉంది. ఫంక్షన్ అంటే అదేనట. ఏదో ఒకటి లోపలికిస్తే ఏదో ఒకటి చేసి బయటికిచ్చేది.

పద్ధతినే వస్తువులా డబ్బాలో పెట్టుకోవడం కొత్తేమీ కాదంది. 1958 లో జాన్ మెకార్తీ అనే అమెరికన్ ఆచార్యుడు మొదలుపెట్టిన లిస్ప్ భాషలో అప్పుడే ఆ వీలుందట. ఆ మెకార్తీ దగ్గరే 1966 లో డాక్టరేట్ పట్టా పుచ్చుకున్న మన తెలుగువారు రాజ్ రెడ్డిగారు. ఆయన పుట్టిన కాటూరు శ్రీకాళహస్తి దగ్గరే. కంప్యూటర్ విద్యలో అన్నిటికన్నా పెద్దదైన ట్యూరింగ్ బహుమతి 1994 లో ఆయనకు వచ్చింది. శ్రీకాళహస్తిని ఒరుసుకుని పారిన స్వర్ణముఖే కదా మా వాకాడు మీదుగా వచ్చి సముద్రంలో కలిసేది! ఇంకేం, నాకు ఈ విద్యలో వాటా ఉన్నట్టే అనిపించి కుర్చీ దగ్గరకు జరుపుకున్నాను.

"అయితే రెండు పద్ధతులు ఒకటో కాదో ఎందుకు చెప్పలేదు? అంత తెలివైంది కదా!"

"నువ్వే చెప్పమ్మా. ఒక సంఖ్యను దానితోనే కూడమనేది ఒక పద్ధతి. రెండుతో హెచ్చవెయ్యమనేది రెండోది. దానితోనే హెచ్చవెయ్యమనేది మూడోది. మూడింటికీ 2 ఇచ్చి చూడు."

వేళ్ళమీద లెక్క పెట్టాను. నాలుగు, నాలుగు, నాలుగు. "మూడూ ఒకటే!"

"ఇప్పుడు 3 ఇవ్వు."

ఆరు, ఆరు, తొమ్మిది. నా మొహం చూసి పిల్ల నవ్వింది. మొదటి రెండూ రాసిన తీరు వేరైనా ఎన్నటికీ ఒకటే. మూడోది 2 దగ్గర మనల్ని మోసం చేసింది. రాసిన తీరు చూసి తేల్చలేం, రుచి చూసి తేల్చుదామంటే సంఖ్యలకు అంతు లేదు. వెయ్యిసార్లు సరిపోయినా వెయ్యిన్నొకటోసారి తేడా రావచ్చు. ఫలానా రెండు పద్ధతులు ఒకటేనని ఎవరైనా కష్టపడి రుజువు చేస్తే చెయ్యొచ్చు గాని, ఏ రెండింటినిచ్చినా తప్పకుండా తేల్చిచెప్పే యంత్రం మాత్రం ఉండదు. కొన్ని ప్రశ్నలకు అలాంటి యంత్రమే సాధ్యం కాదని 1936 లో ఇంగ్లండులో అలన్ ట్యూరింగ్ రుజువు చేశాడు. ఆ దారినే పోయి 1953 లో హెన్రీ గోర్డన్ రైస్ అనే ఆయన, ఒక ప్రోగ్రామ్ చేసే పని గురించి అడిగే ప్రశ్నలు ఇంచుమించు అన్నీ ఆ బాపతువేనని తేల్చాడు. అందుకని కంపైలర్ తెలివితక్కువదై నోరు మూసుకోలేదు. చెప్పలేని దాన్ని చెప్పనంది, అంతే.

నాకు మా పులుసు గుర్తొచ్చింది. ఈ పూట రెండు సట్లలో ఉన్న పులుసులు పక్కపక్కన పెట్టి రుచి చూసి ఒకటేనని చెప్పొచ్చు. కాని అత్త పులుసు, నా పులుసు అన్నప్పుడు అవి ఈ పూట పులుసులు కావు గదా. ఏ చేప వచ్చినా, ఏ చింతపండు దొరికినా, పదిమందికైనా ఇద్దరికైనా, ఆ చెయ్యి చేసే తీరు. నెల్లూరు పులుసు అసలు రుచి మర్నాడు పొద్దున గదా తెలిసేది! అలాంటిదాన్ని రెండు ముద్దలతో తేల్చేశారే అని ముప్ఫై ఏళ్ళ కింద మింగిన మాట గొంతులోకి వచ్చింది. మంచం వైపు చూశాను. ఆవిడ వక్కలు కత్తిరించుకుంటున్నారు.

అన్ని భాషలూ ఒకేలా ప్రవర్తించవట. ఎం.ఎల్. సంతానంలోనే ఓకామెల్ అనేది ముందు ఏమీ అనదు. విస్తళ్ళు వేసి, అందర్నీ కూర్చోబెట్టి, తీరా పోల్చాల్సిన క్షణానికి "ఇవి ఫంక్షన్లు, పోల్చను" అని పనిని మధ్యలో ఆపేస్తుంది. స్టాండర్డ్ ఎం.ఎల్. ముందే అడ్డు చెబుతుంది. పోల్చదగ్గ జాతులను వేరే గుర్తు పెట్టి రాసుకుంటుంది. ఎఫ్ షార్ప్‌ది కూడా ఈ మర్యాదే. పరువు పోయేలోపు, వంటింట్లోనే చెప్పేస్తుంది. మా అత్తగారు ఈ రెండో రకం.

"మరిప్పుడెట్టా?" అన్నాను.

దారులు మూడు. దీన్ని ఎవరూ పోల్చకూడదు అని డబ్బాకు చీటీ అతికించడం ఒకటి. ఇదీ అదీ ఒకే డబ్బా అయితేనే, అంటే అక్షరాలా అదే డబ్బా అయితేనే ఒకటి అనడం రెండోది. మూడోది, ఎప్పుడు ఒకటో నేనే చెబుతాను అని మన నియమం మనమే రాసుకోవడం. దాని పేరు కస్టమ్ ఈక్వాలిటీ. మా అమ్మాయి ఈ మూడోదాని మీద చెయ్యి వేసింది.

వాళ్ళ పని ఏమిటంటే, ఒక దుకాణం సరుకులు ఇంటికి పంపితే ఎంత రుసుము వెయ్యాలో లెక్కకట్టడం. ఒక్కో డబ్బాలో ఒక నియమం. డబ్బా మీద నియమం పేరు, లోపల లెక్కకట్టే ఫంక్షన్. పిల్ల రాసిన నియమం చాలా చిన్నది. పేర్లు ఒకటైతే డబ్బాలు ఒకటే. దీనితోపాటు ఇంకో రెండు లాంఛనాలున్నాయట. వీటిలో ఏది పెద్ద ఏది చిన్న అని అడగకూడదని ఒక చీటీ. ఇక రెండోది, ఒకటే అన్నవన్నీ ఒకే అరలోకి వచ్చేలా అర నంబరు లెక్క. దాన్ని హాష్ అంటారు. అది రాయకపోతే కంపైలర్ హెచ్చరిస్తుంది. ఒకటే అన్నవి రెండూ వేర్వేరు అరల్లో ఉంటే వెతికేటప్పుడు దొరకవు మరి.

కంపైలర్ అడగకపోయినా మనం పాటించాల్సిన ధర్మాలు కూడా ఉన్నాయంది. ప్రతిదీ తనతో తాను సమానం కావాలి. ఇది దానితో సమానమైతే అదీ దీనితో సమానం కావాలి. ఒకటి రెండోదానితో, రెండోది మూడోదానితో సమానమైతే ఒకటీ మూడూ సమానం కావాలి. రెండో ధర్మం దగ్గర నేను ఆగిపోయాను. చూడండి, మా అత్తగారు ముప్ఫై ఏళ్ళలో "నా పులుసు నీది మాదిరి లేదు" అని ఒక్కసారైనా అనలేదు. ఎప్పుడూ "నీది నాది మాదిరి లేదు" అనే.

పిల్ల అవన్నీ రాసేసరికి ఎర్రగీత మాయమైపోయింది.

"అంటే లోపలి పద్ధతులు ఒకటో కాదో ఇప్పుడు చూసుకుందా?"

"లేదమ్మా. నా మాట నమ్మింది."

నాకెందుకో మనసొప్పలేదు. "ఒకసారి రెండు జాడీల మీద 'ఆవకాయ' అని మాత్రమే రాసి పెట్టాను. ఒకటి ఆ ఏటిది, ఒకటి నిరుటిది. పేరు చూసి ఒకటి తీసి పుట్టింటికి పంపితే ముక్క మెత్తబడ్డ నిరుటిది వెళ్ళింది. మా వదిన ఇప్పటికీ ఎత్తి చూపుతుంది" అన్నాను.

"అమ్మా, ఇవి ఊరగాయలు కావు" అంది పిల్ల. ఉద్యోగం చేసేవాళ్ళకు ఊరగాయల మీద గౌరవం తక్కువ. నేను కప్పు తీసుకుని లోపలికి వచ్చేశాను.

వారం తిరక్కముందే ఒక అర్ధరాత్రి వరండాలో దీపం వెలుగుతూ కనిపించింది. పిల్ల తల పట్టుకుని కూర్చుంది. మర్నాడు పని అప్పజెప్పాలట. సరిచూస్తుంటే రుసుములు తప్పు వస్తున్నాయి. వాళ్ళ జట్టులో ఇంకొకరు ఒక పాత నియమాన్ని సవరించి, పేరు మాత్రం మార్చకుండా కొత్త డబ్బా చేసిపెట్టారు. డబ్బాలన్నీ ఒకచోట పోసి, ఒకేలాంటివి రెండుంటే మొదటిదాన్ని ఉంచి రెండోదాన్ని తీసేసే పని ఒకటి ఉంటుందట. పేర్లు ఒకటే గనుక అది తన పని తాను చేసింది. పాతది మిగిలి కొత్తది పోయింది. కొత్త నియమం ప్రకారం రుసుము లేకుండా సరుకులు అందాల్సినవాళ్ళకు రుసుము పడుతోంది. ఇంకా బయటికి వెళ్ళలేదు గనుక సరిపోయింది.

"కంపైలర్ చెప్పలేదా?"

"ఎందుకు చెబుతుంది? నేను చెబుతానని నేనే గదా దాని నోరు మూయించింది."

తెల్లవారుజాము రెండు గంటలకు టీ పెట్టి ఇచ్చాను. జాడీ మాట ఎత్తలేదు. తల్లిని గదా. పిల్లే ఎత్తింది. "ఏడు రాయాలమ్మా. పేరుతోబాటు ఏ విడతదో కూడా రాయాలి. లోపలి పద్ధతి మారితే విడత సంఖ్య మారి తీరాలి. పేరూ విడతా రెండూ కలిస్తేనే ఒకటి అంటాను. చేత్తో రాస్తే మళ్ళీ మరిచిపోతారు. అందుకని డబ్బాలు తయారుచేసేది ఇకమీద ఒక్కచోటే." అలాగే చేసింది.

ఆ రాత్రే ఇంకో మెలిక కూడా చెప్పింది. ఏ సరుకైనా పట్టే డబ్బాలుంటాయి. మామూలు డబ్బా అయితే, లోపలి సరుకు పోల్చదగ్గదైతే డబ్బా కూడా పోల్చదగ్గది అని కంపైలర్ తనే తేల్చుకుంటుంది. కస్టమ్ అని మనం రాసిన మరుక్షణం ఆ తేల్చుకోవడం ఆపేస్తుంది. లోపల ఏం పెట్టినా సరే, డబ్బా పోల్చదగ్గదే అనుకుంటుంది. మన నియమం లోపలి సరుకును కూడా చూసేటట్టయితే, ఆ సంగతి మనమే చీటీ రాసి అతికించాలి. ఈ డబ్బా సమానత్వం లోపలిదాని సమానత్వం మీద ఆధారపడి ఉంది అని. ఎఫ్ షార్ప్‌లో ఆ చీటీ పేరు ఈక్వాలిటీ కండిషనల్ ఆన్. అతికిస్తే కంపైలర్ మళ్ళీ వాసన పట్టడం మొదలుపెడుతుంది. మొత్తం మీద నాకర్థమైందేమిటంటే, పెత్తనం మనం తీసుకున్నంత మేరా కాపలా కూడా మనమే కాయాలి.

ఇంతవరకూ అయితే ఇది మా అమ్మాయి కథే. మిగతాది నాది.

2021 మే నెలలో మా ఇంట్లో అందరికీ జ్వరాలు వచ్చాయి. అందరం లేచి తిరిగాం. అత్తగారు కూడా లేచారు. ఒక రోజు నేను పొయ్యి మీద బాండీలో మెంతులు వేసి, ఫోను మోగితే వెళ్ళి, మాటల్లో పడిపోయాను. వచ్చేసరికి మెంతులు నల్లగా బొగ్గయి ఇల్లంతా పొగ. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి "ఏందొదినా మాడుతుండాది?" అని అడిగింది. వరండాలోంచి మాత్రం ఏ మాటా లేదు. అత్తగారు మంచం మీద అటు తిరిగి కూర్చుని, ఎప్పటిలాగే వక్కలు కత్తిరించుకుంటున్నారు.

ఎర్రగీత పడలేదని సంతోషించే రోజులుంటాయి. ఆ రోజు నాకు కాళ్ళు వణికాయి. దగ్గరికి వెళ్ళి "అత్తా, వాసన రాలా?" అన్నాను. "లేదు మే. పదిదినాలాయె. నోటికి ఉప్పూ పులుపూ తప్ప ఇంకేం తెలవడంలా" అన్నారు. ఎవరికీ చెప్పలేదట. ఏం చెప్పుకుంటారు? ముప్ఫై ఏళ్ళు ఈ ఇంటి వంటను ముక్కుతో కాపలా కాసిన మనిషి.

ఆ రోజు మళ్ళీ మెంతులు వేయించి, కొర్రమీను పులుసు పెట్టి, మర్నాడు పొద్దున వేడన్నంలో వేసి ఇచ్చాను. నాలుగు ముద్దలు తిన్నారు. చెయ్యి ఆపి, ఎటో చూస్తూ అన్నారు, "నాది మాదిరే ఉండాది."

ముప్ఫై ఏళ్ళుగా నేను వినాలనుకున్న మాట. విని వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఆవిడకు రుచే తెలియడం లేదే! మరి ఎలా అన్నారు?

రాత్రి అమ్మాయితో చెబితే, "అవ్వ కస్టమ్ ఈక్వాలిటీ రాసిందమ్మా" అంది నవ్వుతూ. నేను నవ్వలేదు. అబద్ధమాడారా, జాలిపడ్డారా అని ఆ రాత్రంతా తేల్చుకోలేకపోయాను. తర్వాత సంక్రాంతికి తేలింది. బంధువులొచ్చి "పెద్దమ్మా, నీ చేతి పులుసు తిని ఎన్నాళ్ళయిందో" అంటే ఆవిడ, "నా చెయ్యి, దాని చెయ్యి ఒకటే. దాన్నడగండి" అని, నన్ను పిలిచి, తన పెళ్ళినాటి సట్టిని అటక మీంచి దింపించారు. ఆ సట్టిని అంతవరకూ ఎవర్నీ ముట్టనిచ్చింది లేదు.

అప్పుడు అర్థమైంది నాకు. ఒకటే అనడమంటే ఒకదాని చోట రెండోదాన్ని పెట్టడానికి ఒప్పుకోవడం. తను ఇంక తేల్చలేనని తెలిశాక ఆవిడ మాట ఇచ్చారు. మాట ఇచ్చాక ఆ ప్రకారం నడుచుకున్నారు. మా అమ్మాయి మొదట రాసిన సమానత్వానికి లేనిది, మా అత్తగారి సమానత్వానికి ఉన్నది అదే. ఆ మాట వెనక కాపలా ఉంది.

2022 ఏప్రిల్‌లో మా వాకాడును నెల్లూరు జిల్లా నుంచి తీసి తిరుపతి జిల్లాలో చేర్చారు. "అయితే అవ్వా, ఇది ఇంక నెల్లూరు పులుసు కాదన్నమాట!" అని అమ్మాయి ఏడిపించింది. "స్వర్ణముఖి అదే, సముద్రం అదే, సట్టి అదే. కాగితం మీద రాస్తే పులుసు మారతదా?" అన్నారు ఆవిడ. ఏది మారితే మారినట్టో, ఏది మారినా మారనట్టో ఆవిడ నియమం ఆవిడకుంది.

ఆ ఎండాకాలంలోనే ఒక మధ్యాహ్నం నేను పోపు వేస్తుంటే వరండాలోంచి కేక వినిపించింది. "మెంతులు మాడినయ్ మే!"

గరిటె కిందపడేసి పరుగెత్తుకెళ్ళాను. ముక్కు తిరిగొచ్చింది! కోడలిగా నేను ఏ తిట్టుకూ అంత సంతోషపడి ఎరగను. ఆ పూట పులుసు పళ్ళెం పట్టుకెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. రెండు ముద్దలు తిని కాసేపు ఆలోచించారు. ఆ ఆలోచన నాకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. గుండె దడదడలాడింది.

"ఇప్పుడు రుచి తెలుస్తుండాది గదా అత్తా. చెప్పండి, నాదీ మీదీ ఒకటేనా?"

ఆవిడ నా మొహంలోకి చూశారు. "ఒకసారి ఒకటే అన్నాక మళ్ళా మాట మార్చేదుంటదా?" అన్నారు.

ఇంకో ముద్ద కలుపుకుని, మెల్లిగా, "ఉప్పు మాత్రం చూసి వెయ్యి" అన్నారు.